మూడు మేకుల వరండా

ఆస్ట్రేలియాలోని పోర్ట్ కాల్డర్‌లో నా సొంత కేఫ్ తలుపులు తెరిచిన రోజున నా చేతిలో ఏమున్నాయో ముందు చెబుతాను. చౌరస్తా మూలన అద్దెకు దొరికిన రెండంతస్తుల చెక్క భవనం. పాలరాతి పలకల బల్లలు, వాటిలో ఒకటి కుంటిది. సిడ్నీలో మా మేనమామ వాడి వాడి విసిగిపోయి నాకు అంటగట్టిన సోడా యంత్రం. స్టేకు, గుడ్లు, టీ, థాంక్యూ అనే నాలుగు ఇంగ్లీషు ముక్కలు. గ్రీసులోని మా కితిరా దీవి నుంచి అప్పుడే ఓడ దిగిన భార్య స్తమాతా. ఆమెకి ఆ నాలుగు ముక్కలు కూడా లేవు. ఇవి కాక, ఫుట్‌పాత్ మీదికి ముందుకు వచ్చి నాలుగు కర్ర స్తంభాల మీద నిలబడ్డ మేడ వరండా.

ఆ వరండాని నేను ఆస్తి కింద లెక్కవేసుకోలేదు. ఎండకి నీడ, వానకి గొడుగు. ఆ ఊళ్ళో ప్రతి దుకాణానికీ అలాంటిదే ఉండేది.

ఎదురుగా పెద్ద ఖాళీ స్థలం. సర్కస్ వచ్చినప్పుడు డేరాలు, రానప్పుడు మేకలు. పనులు దొరకని కాలమది. మగవాళ్ళు పొద్దున్నే రేవుకి వెళ్ళి, పని లేక తిరిగి వచ్చి, మా స్తంభాలకి ఆనుకుని నిలబడేవారు. వాళ్ళకి పని చూపించాలనీ, ఊరికి పరువు తేవాలనీ కౌన్సిల్ వాళ్ళు ఆ స్థలంలో టౌన్‌హాలు, దాని ఎడమన లైబ్రరీ, కుడిన ఆఫీసులు కట్టడానికి పూనుకున్నారు. హాలు మీద గోపురం, గోపురానికి గడియారం. పునాది తవ్వకం మొదలయ్యే వారం మా కేఫ్‌లోకి మిస్ పాస్కో వచ్చింది.

సన్నగా, పొడుగ్గా, చేతి వేళ్ళ మీద మందుల మరకలతో ఉండేది. తండ్రి పోయాక ఆయన ఫోటో స్టూడియో తనే నడుపుతోంది. కట్టడం పని ఎలా సాగుతోందో నెలనెలా ఫోటో తీసే బాధ్యత కౌన్సిల్ ఆమెకి అప్పగించింది.

"మీ మేడ వరండా కావాలి," అంది.

"మొత్తమా?"

"మూడు కాళ్ళ స్టాండు పట్టేంత చోటు. నెలకి ఒక్కసారి, కాసేపు. ఆ కాసేపూ వరండా మీద పిల్లి కూడా నడవకూడదు."

"బ్యాంకు వాళ్ళ మేడ ఇంకా ఎత్తు కదమ్మా?"

"ఆడపిల్ల మెట్లెక్కి దిగుతుంటే ఖాతాదార్లు ఏమనుకుంటారోనని మేనేజరు గారి బాధ. హోటల్ వాళ్ళు సరేనన్నారు కానీ, ఆ బాల్కనీ మీద తాగేవాళ్ళలో ఒక్కొక్కడూ ఒక్కో భూకంపం."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. సంచిలోంచి కొన్ని పాత ఫోటోలు తీసి కుంటి బల్ల మీద పరిచింది. ఊళ్ళో పూర్వం ఉండి, తుఫానుకి ఎగిరిపోయిన చెక్క టౌన్‌హాలు కడుతున్నప్పటివి. వాళ్ళ నాన్న తీసినవి.

"బాగున్నాయే!" అన్నాను.

"దేనికదే బాగుంది. తప్పంతా అక్కడే ఉంది. నాన్న ప్రతిసారీ ఎక్కడి నుంచి అందంగా కనిపిస్తే అక్కడికి మారాడు. ఇప్పుడు చూడండి, ఏడు ఫోటోలు, ఏడు హాళ్ళు. ఒక హాలు పెరగడం మాత్రం ఎక్కడా లేదు. చివరి రోజుల్లో ఆయనకే తట్టింది. దుప్పటి మీద పరుచుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగులో చూసేవాడు. ఏదీ దేని మీదా కుదరలేదు." ఫోటోలు మళ్ళీ పేర్చుకుంది. "ఈసారి గొయ్యి తవ్విన రోజు నుంచి గడియారం తిరిగే రోజు దాకా ఒకే చోట నిలబడి తీస్తాను. ఒక్క ఫోటోకి చోటు మారినా మిగతావన్నీ దండగే."

"అద్దె?"

ఆమె ముఖం వాడిపోయింది. కౌన్సిల్ ఇచ్చేది గాజు పలకలకీ మందులకీ సరిపోతుంది, అంతే.

నేను గబగబా లెక్క వేశాను. కితిరా వదిలేటప్పుడు అరువు కోటు తొడుక్కుని తీయించుకున్న ఫోటో ఒకటి మా అమ్మకి ఇచ్చి వచ్చాను. దాన్ని చూడడానికి రెండు ఊళ్ళ వాళ్ళు వచ్చారని మా అమ్మ కబురు పంపింది. మనిషి తన బొమ్మ చూసుకోవడానికి ఎంత దూరమైనా నడుస్తాడు. ఎదుటి స్థలంలో పనిచేసే వాళ్ళు రోడ్డు దాటితే చాలు.

"ప్రతి ఫోటోకీ ఒక ప్రింటు నాకివ్వు. గోడకి తగిలించుకుంటాను. అదే అద్దె," అన్నాను.

మర్నాడు ఆమె వరండా పలకల మీద స్టాండు కాళ్ళు సరిచూసుకుని, మూడు ఇత్తడి మేకులు దిగగొట్టింది. మొనలు జారకుండా వాటి నెత్తిన చిన్న గుంటలు పెట్టించింది. చప్పుడు విని స్తమాతా పైకి వచ్చింది.

"ఏమిటిది? మన నేలకి చెవులు కుడుతోందా?"

"వ్యాపారమే, నువ్వు ఊరుకో."

"నీ వ్యాపారం మేకులతో మొదలైంది. దేనితో ముగుస్తుందో ఆ పనగియా, ఆ మేరీ మాతే చూసుకోవాలి," అని మూడుసార్లు గాల్లో ఉమ్మినట్టు చేసి దిగిపోయింది.

ప్రతి నెలా మొదటి సోమవారం, మధ్యాహ్నం తిండి గంటకి ముందు ఫోటో. మిస్ పాస్కో నల్ల గుడ్డలో తల దూర్చి చూసుకుని, చెయ్యి ఎత్తేది. ఎదుట మేస్త్రీ ఈల వేసేవాడు. ఎక్కడి వాళ్ళు అక్కడ బిగుసుకుపోవాలి. ఆమె కటకం మూత తీసి, పెదాలు కదుపుతూ నాలుగు లెక్కపెట్టి, మళ్ళీ మూత పెట్టేది. కదలని వాళ్ళు చక్కగా పడేవారు. కదిలినవాడు పొగలా మిగిలేవాడు.

మొదటి ప్రింటు గోడకెక్కిన రోజు నా అంచనా నిజమైంది. గొయ్యిలో దిగి పనిచేసే వాళ్ళంతా బూట్ల మట్టితోనే లోపలికి వచ్చి, వేళ్ళతో గాజు మీద పొడుచుకుంటూ వెతుక్కున్నారు.

"ఇదిగో నేను! పార పట్టుకున్నది!"

"నువ్వా? నేను కంచర గాడిద అనుకున్నానే."

"కాస్, నీ గాజు కొంచెం తుడవవయ్యా, నా ముఖం మీద గుడ్డు మరక ఉంది." కాస్మాస్ అన్న నా పేరుని వాళ్ళు అలా కుదించేశారు.

చూసుకున్నవాడు ఊరికే పోలేక టీ తాగేవాడు. టీ తాగినవాడు రొట్టె అడిగేవాడు. తర్వాత నెల పెళ్ళాన్ని తెచ్చి చూపించేవాడు. మేం లోపల ఆలివ్ నూనెలో పప్పు వండుకు తిని, బయట వాళ్ళకి స్టేకు, గుడ్లు, బంగాళాదుంప ముక్కలు పెట్టేవాళ్ళం. అడిగింది పెట్టడమే మా వ్యాపారం.

వాళ్ళలో బార్నీ మూనీ అని ఒక ఐరిష్ వాడుండేవాడు. రాళ్ళు మోసే కూలీ. వాడికి కదలకుండా ఉండడం చేతకాదు. ఈల వినగానే అందరూ బిగుసుకుంటే వాడికి అప్పుడే ముక్కు దురద పుట్టేది, లేదా ఈగ వాలేది, లేదా పక్కవాడికి ఏదో చెప్పాలనిపించేది. ప్రతి ఫోటోలోనూ వాడు తెల్లటి పొగ. భార్య నోరా బుట్ట నిండా ఉతికిన బట్టలతో వచ్చి ప్రతి నెలా ఒకసారి వెతికేది.

"ఏడీ మా ఆయన?"

"అదిగో నోరా, ఆ మచ్చ," అనేవాణ్ణి.

"పెళ్ళినాటి ఫోటోలోనూ ఇంతే. నేను పొగని పెళ్ళి చేసుకున్నానని మా అక్క ఇప్పటికీ ఏడిపిస్తుంది." మూనీ వైపు తిరిగేది. "నాలుగు లెక్కపెట్టేంతసేపు నిలబడలేవూ? తాగేటప్పుడు మూడు గంటలు కదలకుండా కూర్చుంటావే!"

"అప్పుడు గ్లాసు బరువు పట్టి ఉంచుతుందే," అనేవాడు మూనీ.

గొయ్యి పూడింది. స్తంభాలు లేచాయి. లైబ్రరీ గోడలు కిటికీల దాకా వచ్చాయి. నా గోడ మీద ఫోటోలు ఒక వరుస నిండి రెండో వరుస మొదలైంది. మూనీ పొగ మాత్రం రాయితో పాటు అంతస్తు అంతస్తూ పైకెక్కుతూ వచ్చింది.

మూడో ఏడు వచ్చేసరికి గోపురం పూర్తయింది. గడియారం ఉండాల్సిన చోట గుండ్రటి కన్నం. ఇంగ్లండు నుంచి రావాల్సిన గడియారం ఓడ రేవుల్లో సమ్మెల వల్ల ఎక్కడో చిక్కుకుంది. సరిగ్గా అప్పుడే కౌన్సిల్ ఇంకో నిర్ణయం చేసింది. కొత్త టౌన్‌హాలు చుట్టూ ఉన్న దుకాణాల కర్ర వరండాలన్నీ తీసేయాలి. స్తంభాలు కొత్త భవనాలకి అడ్డం, పైగా మోటారు కార్లు వాటిని గుద్దుతున్నాయి. వరండాల బదులు ఇనుప కడ్డీలతో గోడకి వేలాడే రేకుల పందిళ్ళు కట్టుకోవాలి. దానికి శీతాకాలం మొదలయ్యే దాకా గడువు.

నిజం చెప్పాలంటే నాకు ఆ పందిరి కావాలి. స్తంభాలు నా అద్దాల కిటికీకి అడ్డం. పూల నమూనా ఉన్న రేకు అప్పటికే ఎంచుకుని, పనివాడితో మాట్లాడేసుకున్నాను. కాబట్టి మిస్ పాస్కో ఆ నెల ఫోటో తీసి కిందికి దిగినప్పుడు ఆమె వైపు చూడలేకపోయాను.

"మీక్కూడా నోటీసు వచ్చిందా?" అంది.

"వచ్చింది. లోపలి గదిలో కిటికీ ఉంది, అక్కడి నుంచి..."

"చూశాను. మూడు గజాలు వెనక. గోపురం సగం తెగిపోతుంది. మిగతావాటి మీద కుదరదు." కుర్చీలో కూర్చుంది. "కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ క్రిచ్లీని అడిగాను. హాలు అయిపోయింది కదా, ఆఖరి ఫోటో ఇప్పుడే తీసేసుకో అన్నాడు. ఆ కన్నంతోనా? కన్ను పీకేసిన ముఖంలా ఉంది. మూడేళ్ళు ఒకే చోట నిలబడి, చివరికి నాన్న చేసిందే నేనూ చేసినట్టవుతుంది."

టీ తాగకుండానే వెళ్ళిపోయింది. నేను లెక్క వేసుకున్నాను. ఒక పక్క కొత్త పందిరి, విశాలమైన కిటికీ, అందరికంటే ముందు మాట విన్నవాడన్న పేరు. ఇంకో పక్క మూడు మేకులు. ఎటు చూసినా మేకుల వైపు తూకం తేలిపోతోంది. అయితే గోడ మీద వరుస చూశాను. అక్కడ ఆఖర్న ఒక చోటు ఖాళీగా ఉంది. పూర్తి కాని సరుకు దుకాణంలో పెట్టుకోవడం నాకెప్పుడూ నచ్చదు.

క్రిచ్లీ దగ్గరికి వెళ్ళాను. గడ్డం నున్నగా గీసుకుని, కాలరు బిగించుకుని ఉండే మనిషి.

"గడియారం వచ్చేదాకా ఆగండి సార్."

"నీ ఒక్కడికి ఆగితే అందరూ ఆగమంటారు, కాస్. కుదరదు."

వాదించి లాభం లేదనిపించింది. తిరిగి వచ్చి ఒక ఖాళీ ఫ్రేము కొన్నాను. మిగతా వాటి కొలతే. గోడ మీద వరుస చివర తగిలించి ఊరుకున్నాను.

మొదటగా అడిగింది మూనీ. "కాస్, ఇందులో బొమ్మేదీ? నేను పూర్తిగా పొగైపోయానా?"

"అది గడియారం ఫోటోకి. వరండా ఉంటే వస్తుంది, లేకపోతే అలాగే ఉంటుంది. క్రిచ్లీ గారిని అడుగు."

ప్రతి బల్లకీ ఇదే జవాబు. ఊళ్ళో సగం మంది ఆ గోడ మీద ఎక్కడో ఒక చోట ఉన్నారు. మిగతా సగం వాళ్ళ చుట్టాలు. వారం తిరిగేసరికి క్రిచ్లీ క్షవరానికి వెళ్తే మంగలి అడిగాడు, చర్చికి వెళ్తే పాస్టరు భార్య అడిగింది. ఒకరోజు మధ్యాహ్నం ఆయనే ఎర్రగా కందిపోయిన ముఖంతో మా కేఫ్‌లోకి వచ్చాడు.

"ఆ ఫ్రేము దించు."

"దించుతాను సార్, నిండగానే. భోజనం చేస్తారా?"

"నేను తినడానికి రాలేదు."

"నిలబడి కోప్పడితే కడుపుకి మంచిది కాదు. కూర్చుని కోప్పడండి."

స్తమాతా చెప్పకుండానే గుడ్లు వేయించేసింది. ఆయన తింటూ తింటూ గోడ వైపు చూశాడు. కాసేపటికి లేచి దగ్గరికి వెళ్ళాడు. ఒక ఫోటో ముందు నిలబడ్డాడు. పునాది గోడ మీద చేతులు కట్టుకుని, టోపీ సరిగ్గా పెట్టుకుని, ఒక్క వెంట్రుక కదలకుండా నిలబడ్డ మనిషి. ఆయనే.

"ఇది నేను కదూ?" అన్నాడు. గొంతు కొంచెం దిగింది.

"ఊరందరిలోకీ చక్కగా పడింది మీరే. ఇంకో రెండింట్లో ఉన్నారు, చూపిస్తాను రండి."

చూపించాను. అప్పుడడిగాను. "సార్, మీ రూలు ప్రకారం పని జరుగుతున్నంతకాలం పని సామాను ఫుట్‌పాత్ మీద ఉండొచ్చు కదా? క్రేను స్తంభాలు, నిచ్చెనలు, అవీ?"

"ఉండొచ్చు. పని అయిపోయేదాకా."

"గడియారం పెట్టకుండా పని అయిపోయినట్టా?"

ఆయన నా వైపు చూశాడు. "నీ వరండా పని సామానా?"

"మూడేళ్ళుగా మీ కట్టడం పని ఎంతవరకూ వచ్చిందో మీ కౌన్సిల్ చూసుకుంటున్నది దాని మీద నుంచే. అలా రాసుకోండి. పేరు మారితే చాలు, మీ రూలు మార్చక్కర్లేదు."

చాలాసేపు పళ్ళు కుట్టుకున్నాడు. "పని సామానైతే దాని మీద గిరాకీలని కూర్చోబెట్టకూడదు. కింద బల్లలు వేయకూడదు. చీకటి పడగానే ప్రతి స్తంభానికీ ఎర్ర లాంతరు కట్టాలి. గడియారం తిరిగిన మర్నాడు పొద్దున్నే కూల్చేయాలి."

"అలాగే సార్."

"ఇందాక ముందు చూసిన ఆ ఫోటో ప్రింటు ఒకటి మా అమ్మకి కావాలి."

"మిస్ పాస్కోకి చెబుతాను."

ఆ శీతాకాలమంతా చౌరస్తాలో వరండాలు ఒక్కొక్కటీ కూలాయి. అందరికీ రేకుల పందిళ్ళు వచ్చాయి. మాది ఒక్కటే ముసలివాడి నోట్లో ఆఖరి పన్నులా మిగిలింది. నేను మాట్లాడుకున్న పనివాడు నా కోసం ఆగకుండా, నేను ఎంచుకున్న పూల రేకు పక్కవీధి బూట్ల దుకాణానికి వేసేశాడు. బయట బల్లలు లేక సాయంత్రం బేరం పడిపోయింది. వీటికి తోడు ఎర్ర లాంతర్లు. పోర్ట్ కాల్డర్ ఓడరేవు ఊరు; ఎర్ర దీపం వెలిగే ఇల్లంటే నావికులకి ఒకటే అర్థం. మొదటి వారంలోనే ఒక నార్వే నావికుడు టోపీ తీసి, మా మేడ మెట్లు ఎక్కి, స్తమాతాని చూసి సిగ్గుగా నవ్వాడు. స్తమాతాకి విషయం అర్థమయ్యేలోపు వాడు ఇంకో మెట్టు ఎక్కాడు. తర్వాత వాడు దిగిన వేగానికి మేకుల మీద ఫోటో తీసినా పొగ కూడా పడేది కాదు. వెనకాలే సూప్ గరిట ఎగురుతూ వచ్చింది.

"ఆ పిల్ల మూడు మేకుల కోసం నా మర్యాద నాలుగు స్తంభాలకి కట్టావు!" అంది స్తమాతా.

"ఇంకొన్నాళ్ళు ఓర్చుకో."

"ఓర్చుకుంటాను. మెట్ల దగ్గర గరిట పెట్టుకుని ఓర్చుకుంటాను."

అన్నది గానీ, మిస్ పాస్కో వచ్చే సోమవారం పొద్దున్నే వరండా ఊడ్చి, మేకుల్ని నిమ్మకాయతో తోమి పెట్టేది స్తమాతాయే.

గడియారం చివరికి వచ్చింది. ఆగస్టులో, అక్కడి శీతాకాలం చివర్న, రేవు నుంచి ఎడ్లబండి మీద, గడ్డిలో చుట్టుకుని. బిగించడానికి చాలా రోజులు పట్టింది. తిరగడం మొదలైన సోమవారం, మేస్త్రీ పాత పనివాళ్ళందరికీ కబురు పెట్టాడు. చెరుకు కోతలకి వెళ్ళిన వాళ్ళు, రేవుకి మళ్ళిన వాళ్ళు, కొత్త కోట్లలో వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. నోరా మూనీ మా వరండా కిందికి వచ్చి, చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచింది.

"బార్నీ! ఈసారి కదిలావంటే ఇంటికి రావద్దు!"

మిస్ పాస్కో మేకుల మీద స్టాండు నిలిపింది. నల్ల గుడ్డలో దూరింది. ఈల వినిపించింది. మూత తీసింది. నాలుగు. మూత పెట్టింది. కాసేపు ఆ గుడ్డలోంచి బయటికి రాలేదు.

తర్వాత ఒక పని చేసింది. కెమెరా భుజాన వేసుకుని, రోడ్డు దాటి, టౌన్‌హాలు మెట్ల మీద నిలబడి మా వైపు తిప్పింది.

"మిస్టర్ కాస్మాస్! మీరిద్దరూ వరండా మీదికి రండి!"

"మా మీద గాజు పలక ఎందుకమ్మా తగలేస్తావు?"

"అక్కడి నుంచి తీసిన వాటిలో ఆ వరండా మాత్రం లేదు కదా!"

ఆలోచిస్తే నిజమే. మూడేళ్ళ ఫోటోలన్నీ ఆ వరండా మీద నుంచే తీసినవి, వరండా మాత్రం ఒక్కదాన్లోనూ లేదు. స్తమాతా ఆప్రాన్ విప్పేసి, తల సర్దుకుని నా పక్కన నిలబడింది.

ఆ వారం శనివారం, వరండాకి ఆఖరి సాయంత్రం. మేం అడగకుండానే క్రిచ్లీ కూల్చివేతని తర్వాతి సోమవారానికి జరిపాడు. మిస్ పాస్కో ఫోటోలన్నిటినీ, తెర మీద బొమ్మలు చూపే మాజిక్ లాంతరు పలకలుగా చేసి తెచ్చింది. తెర కోసం వెతుకుతుంటే స్తమాతా పెట్టె తెరిచి, తన పెళ్ళికి వాళ్ళమ్మ నేసిన దుప్పటి తీసింది. పుట్టిన ఊరి నుంచి వచ్చాక ఒక్కసారి కూడా పరవనిది. మధ్య రెండు స్తంభాలకి కట్టాం. ఊరంతా రోడ్డు మీద కూర్చుంది. పొద్దు గుంకగానే ఎదుటి మెట్ల మీద నుంచి లాంతరు వెలిగింది.

మొదట గొయ్యి. తర్వాత అదే చోట గొయ్యిలో రాయి. ఒక పలక తీసి ఇంకోటి పెట్టేలోపు కన్ను మూసి తెరిచినంత చీకటి. మళ్ళీ అదే ఆకాశం, అదే మూల, అదే దీపస్తంభం. గోడ మాత్రం ఒక జానెడు పెరిగి ఉంది. ఏదీ పక్కకి జరగలేదు. ఏదీ అదరలేదు. నేల లోంచి మొలిచినట్టు హాలు లేచింది, పక్కన లైబ్రరీ లేచింది. మొదట్లో పేర్లు పిలుచుకుంటూ గోల చేసిన జనం నెమ్మదిగా మాట ఆపేశారు. అప్పుడు ముందు వరసలోంచి ఒక పిల్ల అరిచింది.

"పొగ! మూనీ పొగ ఎక్కుతోంది!"

నిజంగానే. తెల్లటి మచ్చ ఒకటి మొదట గొయ్యిలో, తర్వాత మెట్ల మీద, తర్వాత కిటికీ పక్కన, తర్వాత గోపురం నెత్తిన. మిగతా వాళ్ళలో కొందరు వచ్చారు, కొందరు పోయారు. అది ఒక్క నెల కూడా తప్పలేదు. జనం ప్రతి పలకకీ "మూనీ! మూనీ!" అని కేకలు పెట్టారు. తట్టుకోలేక మూనీ లేచి నిలబడి దండం పెట్టాడు. వాడి నీడ టౌన్‌హాలుని సగం మింగేసింది.

"కూర్చో, దయ్యమా!" అంది నోరా.

ఆఖరి పలక. గడియారం. మెట్ల మీద కొత్త కోట్లు. పొగ లేదు.

"మూనీ ఏడీ?" అన్నారు ఎవరో.

"అదిగో, మూడో మెట్టు మీద," అంది నోరా.

అక్కడ మీసాలు దువ్వుకుని, చేతులు కిందికి పెట్టుకుని, ఎవరో పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. పిల్లలకి నచ్చలేదు కూడా. నోరా అందరి వైపూ తిరిగి గట్టిగా చెప్పింది. "చూశారా? మా ఆయనకి ముఖం ఉంది!"

లాంతరు దగ్గర మిస్ పాస్కో పక్కనే నేనున్నాను. తండ్రి తీసిన పాత ఫోటోల సంచి ఆమె కాళ్ళ దగ్గర పెట్టుకుంది. "కుదిరింది," అంది, అంతే. ఆమె నవ్వడం నేను చూసింది ఆ రోజే.

సోమవారం వరండా కూలింది. మేకులున్న పలక మాత్రం నేను ముందే ఊడదీసి దాచాను. తర్వాత యుద్ధం వచ్చింది, అమెరికా సైనికులు ఐస్‌క్రీము కోసం మా కేఫ్‌ని ముంచెత్తారు. మూనీ రేవులో పనిచేసి ముసలివాడై పోయాడు. మిస్ పాస్కో బ్రిస్బేన్ వెళ్ళిపోయింది. అక్కడే పోయిందని ఆలస్యంగా తెలిసింది. నేను కేఫ్ అమ్మేశాను. కొన్నవాళ్ళు దాన్ని ఇప్పుడు ప్రయాణాల టికెట్లు అమ్మే ఆఫీసు చేశారు.

పోయిన ఏడాది లైబ్రరీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. అదే లైబ్రరీ, నా గోడ మీద రాయి రాయిగా పెరిగినదే. గాజు పలకలు వాళ్ళ దగ్గర చాలావరకూ ఉన్నాయట. ఫోటోల్లోని మనుషుల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవట.

"ఈ పలకలన్నిటి మీదా ఏదో మరక ఉందండీ. తుడిచేయాలా?" అంది.

"మరక కాదమ్మా. బార్నీ మూనీ. రాళ్ళు మోసేవాడు," అన్నాను. ఆ అమ్మాయి రాసుకుంది. మూడు మధ్యాహ్నాలు కూర్చుని నాకు గుర్తున్న పేర్లన్నీ చెప్పాను. ప్రింట్లన్నీ ఇచ్చేశాను. మేకుల పలక కూడా ఇచ్చాను. ఇవ్వనిది ఒక్క ఫోటో.

ఇక లెక్క ముగిస్తాను. పోయింది ఒక వరండా, దాని నీడ, పూల రేకు పందిరి, ఒక శీతాకాలపు సాయంత్రం బేరం, ఒక సూప్ గరిట. వచ్చింది మూడేళ్ళ టీలు, రొట్టెలు, నా నోట్లో ఉన్న నాలుగు ఇంగ్లీషు ముక్కలు నలభై వేలు కావడం. ఇవన్నీ ఖర్చైపోయాయి. మిగిలింది ఆ ఇవ్వని ఫోటో. రోడ్డు అవతల నుంచి తీసినది. నాలుగు స్తంభాలు, నాలుగు లాంతర్లు, మేడ మీద నేను. క్రిచ్లీ కంటే నిటారుగా, గాజులో పడ్డ ఈగలా స్పష్టంగా ఉన్నాను. నా పక్కన స్తమాతా ఉండాల్సిన చోట తెల్లటి పొగ. మిస్ పాస్కో మూత తీసిన క్షణంలోనే స్తమాతా నా వైపు తిరిగి, "కాలరు సరిచేసుకో," అంది.

స్తమాతా పోయి ఆరేళ్ళయింది. ఆ ఫోటో చూసిన ప్రతిసారీ నా చెయ్యి కాలరు దగ్గరికి వెళుతుంది. మిగిలిన రాబడి అదే.